నయా పైసా టికెట్టు

ఇరవై నిమిషాలు. కోర్టు ఇచ్చింది అంతే. నాంపల్లి క్రిమినల్ కోర్టు రికార్డు సెక్షన్‌లో, గుమస్తా సునంద కళ్లెదుట, ఒక పాత రసీదును వేలు తగలకుండా చూడాలి. పదకొండుకి బీరువాలోంచి తీస్తే పదకొండూ ఇరవైకి మళ్లీ బీరువాలోకి వెళ్లిపోవాలి. మర్నాడు పదిన్నరకు బెయిల్ వాదన. ఈ ఒక్క పగటి పూటలో ప్రైవేటు డిటెక్టివ్ జయపాల్ ఒక మనిషిని జైల్లోంచి బయటికి లాగాలి. లాగగలనన్న నమ్మకం అతనికి పిసరంత కూడా లేదు. మాటిచ్చాడు కాబట్టి వచ్చాడు.

జైల్లో ఉన్నది ఇజ్రాయేల్, నాంపల్లిలో పుస్తకాల బైండరు. ఎనిమిదడుగుల మల్గి ఒకటి, దాని వెనకాల ఓ గది, అదే దుకాణం, అదే ఇల్లు. 1355 ఫసలీలో, అంటే మన లెక్కన 1946లో, ఇజ్రాయేల్ తండ్రి దాన్ని గోపాలరావనే ఆసామి దగ్గర తొంభై అయిదు హాలీ రూపాయలకు, అంటే నిజాం నాణేలకు, కొన్నాడు. నూరు లోపు బేరం కనక రిజిస్ట్రేషను జోలికి పోలేదు. సొమ్ము ముట్టిందని గోపాలరావు రసీదు రాసి, రెవెన్యూ టికెట్టు, అంటే స్టాంపు, అంటించి, టికెట్టు మీంచి కాగితం మీదికి పారేలా సంతకం గీశాడు. ఆ రసీదు ముక్క తప్ప ఆ కుటుంబానికి వేరే ఆధారం లేదు.

ఇప్పుడు గోపాలరావు వారసుల దగ్గర ఆ జాగా కొన్నానంటూ బిల్డరు ప్రసన్నకుమార్ దిగాడు. ఇజ్రాయేల్ ధీమాగా రసీదు తీసుకెళ్లి కోర్టులో పెట్టాడు. వారం తిరక్కుండా అతన్నే ఫోర్జరీ కేసులో లోపలేశారు. ఎందుకంటే 1946 నాటి రసీదు మీద ఉన్న టికెట్టు పది నయా పైసలది. నయా పైసలు పుట్టిందే 1957లో! చంచల్‌గూడ జైల్లో ఇజ్రాయేల్‌కు అది పందొమ్మిదో రోజు.

బల్లకు అటువైపు కుర్చీలో కోదండరామయ్య అప్పటికే తిష్ట వేసి ఉన్నాడు. ప్రసన్నకుమార్ తరఫు నిపుణుడు. యాభై ఆరులో తెనాలి నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. పాత టికెట్లకీ నాణేలకీ వెల కట్టడంలో ఆబిడ్స్ మొత్తానికి ఆయన మాటే మాట. జయపాల్‌కు టికెట్టు చూడ్డం నేర్పింది కూడా ఆయనే. తర్వాత ఒక ఆస్తి తగాదాలో ఆయన కట్టిన వెల తప్పని జయపాల్ బోనెక్కి చెప్పాడు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా పలకరింపులు కూడా దెప్పిపొడుపులే.

"రావయ్యా జయపాల్! ఇరవై నిమిషాలు దేనికి? కాగితం ఫసలీది, టికెట్టు నయా పైసాది. బడికెళ్లే పిల్లాడు కూడా చెబుతాడు."

"గట్లయితే ఆ పిల్లగానికే ఫీజిస్తే అయిపోవు గద సార్, మీకెందుకు ఇచ్చిన్రు?"

సునంద నవ్వు ఆపుకుని గడియారం వైపు చూసింది. "పదకొండూ రెండయింది. మాటలు బయట పెట్టుకోండి."

జయపాల్ భూతద్దం తీసి వంగాడు. మొదట సంతకం. కాగితం మీద పడిన మొదలూ చివరా గోధుమ రంగుకు తిరిగి, పీచులోకి ఇంకిపోయి ఉన్నాయి. టికెట్టు మీదున్న నడిమి భాగం మాత్రం నల్లగా, నిన్న గీసినట్టు నిగనిగలాడుతోంది. గీత టికెట్టు అంచు దగ్గర ఆగి, వణికి, మళ్లీ మొదలైంది. ఎవరో మధ్య ముక్కను పూరించారన్నమాట.

తర్వాత టికెట్టు అంచు. డెబ్బై తొమ్మిదేళ్ల కాగితం కనక అంతా టీ ఒలికినట్టు పసుపెక్కింది. కానీ టికెట్టు చుట్టూ నాలుగు వైపులా సన్నటి చట్రంలా కాగితం తెల్లగా ఉంది. స్కేలు పక్కన పెట్టి చూశాడు. ప్రతి వైపూ రెండు మిల్లీమీటర్లు.

"ఏం దొరికింది? మచ్చా?" అన్నాడు కోదండరామయ్య. "పాత కాగితం అన్నాక మచ్చలుండవూ?"

"మచ్చ పడని జాగ సార్ ఇది. ఇంతకంటె పెద్ద టికెట్టు ఏండ్లకేండ్లు ఈడ అతికి ఉన్నది. దాని కింద కాయిదం తెల్లగనే ఉండిపోయింది. దాన్ని పీకి ఈ చిన్నదాన్ని పెట్టిన్రు. రసీదు అసలుదే. మార్చింది టికెట్టు ఒక్కటే."

కోదండరామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తుడవడం అవసరానికి మించి సాగింది. "సరే, మార్చారే అనుకో. ఎవరు మార్చారు? రసీదు ఎవరింట్లో ఉంది? నువ్వు వకాల్తా పుచ్చుకున్న మనిషి పెట్టెలోనేగా! నీ తెలివితేటలతో ఆయన మెడకు ఇంకో ముడి వేస్తున్నావు, చూసుకో."

ఆ మాట నిజమే. నిజం కావడమే జయపాల్‌కు ఒళ్లు మండించింది. పళ్లు బిగబట్టి మళ్లీ వంగాడు. టికెట్టు కింది మూల కాస్త లేచి ఉంది. ఆ సందులో ఎండిన జిగురు పలుకు ఒకటి, ఆవగింజలో సగం. దాని రంగు లేత నీలం.

"పదకొండూ ఇరవై" అంటూ సునంద రసీదు అట్టలో పెట్టేసింది.

జయపాల్ మెట్లు దిగుతూనే ఇజ్రాయేల్ వకీలు మేఘనకు ఫోను చేశాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. రెండు సిరాలు, తెల్ల చట్రం, నీలం జిగురు.

"నీలం జిగురేంటి సార్?" అంది మేఘన.

"మైదా ఉడకబెట్టి పురుగు పట్టకుండ మైలుతుత్తం కలుపుతరమ్మ. బైండింగోళ్ల జిగురు అది. బజార్ల దొరికేది గాదు."

"అంటే వాళ్ల మల్గీలోనే మార్చారా? రెండింటికి జైల్లో ములాఖత్ ఉంది. ఆయన్నే అడుగుతాను."

"అడుగు" అన్నాడు జయపాల్. ఆ క్షణంలో అతని బుర్ర అంతా జిగురు మీదే ఉంది.

పన్నెండూ ముప్పావుకు మల్గీలో అడుగుపెట్టాడు. ఇజ్రాయేల్ భార్య సుగుణమణి పీట మీద కూర్చుని బడి రిజిస్టర్లకు క్యాలికో గుడ్డ వీపులు అంటిస్తోంది. అరవై దాటిన మనిషి, మెదక్ ఆడపడుచు. ఆదివారం చర్చిలో జయపాల్ కుటుంబం కూర్చునే బెంచీకి ముందు బెంచీ వాళ్లది. భర్తను పట్టుకుపోయిన రోజు ఏడ్చుకుంటూ మొదట పరుగెత్తింది జయపాల్ ఆఫీసుకే. ఆమె మోకాలి పక్కన సత్తు గిన్నె, అందులో లేత నీలం జిగురు.

"తమ్మీ, దొరికిందా ఏమన్న?"

జయపాల్ నిలబడే అడిగాడు. కూర్చుంటే ఇక అడగలేనని అతనికి తెలుసు. "అక్కా, ఈ జిగురు ఎవరు ఉడకబెడుతరు?"

"నేనే. ఆయనకు పొయ్యి మంట సుత ఆనది గద. రెండు కండ్లకు పొర కమ్మింది. ఎందుకు?"

"ఆయన సొంతంగ టికెట్టు అంటియ్యగలడా?"

ఆమె చేతిలో గుడ్డముక్క ఆగిపోయింది. "ఏం టికెట్టు?"

"రసీదు మీద టికెట్టు. దాని కింద ఇదే జిగురున్నది. ఇప్పుడే నా కండ్లతోని చూసొచ్చిన. నాతోని అబద్ధమాడకు అక్కా. రేపు పదిన్నరకు జడ్జి ముందల నిలబడాలె. ఎవరు మార్చిన్రు?"

సుగుణమణి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు వచ్చినా చప్పుడు రాకూడదని ఆమె తాపత్రయం. పక్క మల్గీల వాళ్లు ఇప్పటికే సగం మొహాలు తిప్పుకున్నారు మరి.

"నేనే తమ్మీ" అంది చివరికి.

జయపాల్ గోడకు ఆనుకున్నాడు. పందొమ్మిది రోజులుగా దొంగ కోసం ఊరంతా గాలించాడు. ఆ దొంగ రోజూ అతనికి చాయ్ పోసి ఇచ్చింది. ఛీ, ఏం బతుకురా ఇది అనిపించింది.

"ఎప్పుడు?"

"ఈస్టర్ ముందటి మట్టల ఆదివారం అయినంక మంగళవారం. ఆయన కండ్ల దవాఖానకు పోయిండు. పదకొండింటికి ఒక పెద్దమనిషి వచ్చిండు. పాత కాయిదాల మీది టికెట్లకు ఉత్తగనే వెల కట్టి చెప్తనన్నడు. ఆబిడ్స్ల దుకాణమంట. కోదండరామయ్య అని చెప్పిండు."

ఆ పేరు వినగానే జయపాల్ పీట లాక్కుని కూలబడ్డాడు. "అన్నీ చెప్పు. ఒక్క ముక్క ఇడవకు."

"రసీదు చూపిచ్చిన. దాని మీది టికెట్టుకు తలకిందుల ముద్ర పడిందంట, నిజాం జమానల అచ్చుల తప్పంట. పన్నెండు వేలిస్తనన్నడు. మా ఆయన కండ్ల ఆపరేషన్‌కు సరిగ్గ గంతే తక్కువ పడ్డది. రాతకు ఏం కాదమ్మా, రాత అట్లనే ఉంటది, టికెట్టుతోని ఏం పని అన్నడు. కెటిల్ ఆవిరి పట్టి నేనే ఊడదీసిన. బైండింగోళ్లకు అదొక లెక్కనా? మా ఆయన వారానికోసారి రసీదు తీసి వేళ్లతోని తడిమి చూసుకుంటడు, జాగ ఖాళీగుంటే తెలుస్తది గదా అన్న. దానికేం, ఈ పాతది పెట్టుకో అని ఆ పెద్దమనిషే ఇంకో టికెట్టు ఇచ్చిండు. అంటిచ్చిన. సంతకం మధ్యల తెగినట్టుంటే నల్ల పెన్నుతోని కలిపిన. నాకేం తెల్సు తమ్మీ, అండ్ల నయా పైస రాసున్నదని ఎవరు చూసిన్రు?"

"ఆపరేషన్ అయిందా?"

"తారీకిచ్చిన్రు. అంతకు మూడు రోజుల ముందే పట్టుకపోయిన్రు."

జయపాల్ సంచిలోంచి కేసు కాగితాలు తీసి తిరగేశాడు. ప్రసన్నకుమార్ వారసులతో అగ్రిమెంటు రాయించుకున్న తేదీ మీద వేలు పెట్టాడు. అదే వారం గురువారం. టికెట్టు మారిన రెండో రోజు! ఆరేళ్లుగా ఆ వారసులు జాగా కొనమని వెంటపడినా, ఇజ్రాయేల్ దగ్గర రసీదుందని తెలిసి ఎవరూ ముట్టుకోలేదు. మంగళవారం రసీదు పాడైంది, గురువారం బేరం కుదిరింది.

"ఆయనకు చెప్పినవా?"

"ఏ మొహం పెట్టుకోని చెప్పాలె? మా మామ రెక్కలు ముక్కలు చేసుకోని కొన్నది. ఎట్లన్న బయటికొస్తడు, అప్పుడు కాళ్ల మీద పడి చెప్తమనుకున్న." ఆమె జిగురు చేతుల్ని చీరకు తుడుచుకుంది. "జడ్జి ముందల చెప్త తమ్మీ. నన్ను లోపలేసినా సరే. ఆయన చీకట్ల ఎట్లుంటున్నడో ఏమో!"

"చెప్పాలె. కాని నీ నోటిమాట ఒక్కటి సాలదు. అసలు టికెట్టు దొరకాలె. దాని మీద గోపాలరావు సంతకం నడిమి ముక్క ఉంటది. అది తెచ్చి రసీదు మీద పెడితే గీతకు గీత కలుస్తది. అప్పుడు ఎవ్వడు ఏం అనలేడు. లే, నడువు."

మూడున్నరకు ఆబిడ్స్‌లో కోదండరామయ్య దుకాణం ముందు దిగారు. సుగుణమణిని కింది మెట్ల మీద కూర్చోబెట్టి జయపాల్ పైకి వెళ్లాడు. ఆయన పట్టకారుతో టికెట్లు సర్దుకుంటూ తల ఎత్తకుండానే "కూర్చో" అన్నాడు.

"మట్టల ఆదివారం అయినంక మంగళవారం పొద్దున పదకొండింటికి మీరు నాంపల్లిల బైండింగ్ మల్గికి పోయిన్రు."

"వెళ్లాను. కొన్నాను. కొనడం నా వ్యాపారం. ఆవిడ చేత రసీదు కూడా రాయించుకున్నాను, చూస్తావా?"

ఇంత సులువుగా ఒప్పుకుంటాడని జయపాల్ అనుకోలేదు. "మీ దగ్గర నిజాం కాలం టికెట్లు డబ్బాల కొద్దీ ఉన్నయి. అండ్ల ఒకటి ఇస్తే ఎవ్వరికీ అనుమానం రాకపోవు. ఏరి ఏరి నయా పైసది ఎందుకిచ్చిన్రు?"

"చేతికి అందింది ఇచ్చాను."

"రెండు రోజులకే ప్రసన్నకుమార్ అగ్రిమెంటు రాసుకున్నడు. ఆరేండ్ల సంది కొననోళ్లు గురువారం ఎట్ల కొన్నరు సార్? రసీదు పాడైందని ఎవరు చెప్పిన్రు? ఆ దినం మల్గీల ఉన్నది మీరిద్దరే. ఆమె చెప్పలేదు."

కోదండరామయ్య పట్టకారు కింద పెట్టాడు. మొహంలో భయం లేదు, విసుగు మాత్రం ఉంది. "ఇదంతా కోర్టులో ఎలా నిలబెడతావో చెప్పు, నేనూ వింటాను."

"ఆ టికెట్టుతోని."

"ఓ, అదా!" ఆయన లేచి, ఇనప్పెట్టె తెరిచి, ఆల్బం తెచ్చి జయపాల్ ముందు తెరిచి పెట్టాడు. దాచలేదు, బుకాయించలేదు.

నల్ల అట్ట మీద టికెట్టు. అణా విలువ, ఉర్దూ అక్షరాలు, వాటి మీద తలకిందులైన ముద్ర. స్కేలు పెట్టాడు. ప్రతి వైపూ నయా పైసా టికెట్టు కంటే సరిగ్గా రెండు మిల్లీమీటర్లు ఎక్కువ. సంతకం లేదు. గీత కాదు గదా, గీత నీడ కూడా లేదు. భూతద్దంతో చూశాడు. జేబులోంచి నీలి కిరణాల టార్చి తీసి వేశాడు. వెనక్కి తిప్పి చూశాడు. కాగితం పీచు గానీ, పాత జిగురు మరక గానీ మచ్చుకైనా మిగల్లేదు.

"నిమ్మ ఉప్పు నీళ్లు" అన్నాడు కోదండరామయ్య, పాఠం చెబుతున్నవాడిలా. "మూడు తడవలు. సంతకం గీసిన టికెట్టును నలభై వేలకు మించి ఎవడూ అడగడు. కడిగి శుభ్రం చేస్తే నాలుగు లక్షలు. వెల కట్టడం నీకు నేర్పింది నేనే, మరిచిపోయావా?"

"ఒక మనిషి బతుకు కడిగేసిన్రు సార్ మీరు!" అన్నాడు జయపాల్. "ఇది ఆ రసీదు మీదిదే అని రుజువు చేసేది ఆ సంతకమొక్కటే ఉండె."

"ఇలాంటి టికెట్లు దేశంలో ఇంకో పదకొండున్నాయి. ఇది వాటిలో ఏదైనా కావచ్చు. ఆవిడ రాసిచ్చిన దాంట్లో 'పాత టికెట్టు ఒకటి' అని మాత్రమే ఉంది. ఇక వెళ్లు. రేపు కోర్టులో కలుద్దాం."

కొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. ఆ ముసలి మెడను పట్టుకుంటే తనకూ చంచల్‌గూడలోనే చోటు దొరుకుతుందని గుర్తొచ్చి దించుకున్నాడు. మెట్లు దిగుతూ లెక్క వేసుకున్నాడు. టికెట్టు పోయింది. తెల్ల చట్రం ఉంది, రెండు సిరాలు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి. ఈ మూడింటినీ ఒక దారాన గుచ్చాలంటే సుగుణమణి నోరు విప్పాలి. ఆమె దోషి అవుతుంది, ఆయన బయటపడతాడు. న్యాయం అంటే ఇంతేనా అని తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా మరో దారి లేదు.

నాలుగూ పదికి మేఘన ఫోను.

"సార్, కొంప మునిగింది." అంది ఆ అమ్మాయి. "జైల్లో మొబైల్ ఇవ్వరు కదా, ఇప్పుడే బయటికొచ్చాను. మీరు చెప్పిన జిగురు సంగతి ఆయనకు చెప్పాను. నీలంగా ఉందా అని రెండుసార్లు అడిగారు. ఔనన్నాను. తర్వాత సూపరింటెండెంట్‌ను పిలిపించుకుని అర్జీ రాయించారు. టికెట్టు మార్చిందీ, సంతకం గీసిందీ నేనే, నా భార్యకు ఏ పాపం తెలీదు, నేరం ఒప్పుకుంటున్నాను అని. వేలిముద్ర వేసేశారు. నేను కాళ్లావేళ్లా పడ్డా వినలేదు."

పొద్దున పదకొండూ పావుకు తాను కనిపెట్టిన ఆవగింజంత జిగురు! దాన్ని చూసి ఎంత పొంగిపోయాడు! అది ఎవరి చేతి వంటో ఆయనకు తప్ప ఇంకెవరికి తెలుసు? అడుగు అని చెప్పింది ఎవరు? తనే గదా!

"టికెట్టు మార్చింది, నల్ల పెన్నుతోని సంతకం కలిపింది అక్కనే, నాతోని ఒప్పుకున్నది. ఆయనకు కండ్లు కనబడయి. దవాఖాన చీటీలున్నయి. ఆయన చెయ్యలేడని—"

"అవి పెడితే, ఇంకొకరి చేత చేయించాడంటారు. ఆ ఇంకొకరు ఎవరు? రేపు ఆవిడ వచ్చి నేనే చేశానని చెబితే ఇద్దరూ కూడబలుక్కుని చేశారంటారు. నల్ల పెన్నుతో సంతకం కలిపింది ఆవిడే కదా? ఇద్దర్నీ లోపలేస్తారు సార్. ఆ మల్గీ తలుపు తీసేవాళ్లు కూడా ఉండరు. దయచేసి ఆవిణ్ని కోర్టుకు తీసుకురాకండి."

ఫోను పెట్టేశాక జయపాల్ మెట్ల మీద అలాగే నిలబడిపోయాడు. కింద సుగుణమణి అప్పటికే లేచింది. సంచిలోంచి బైబిలూ, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ పైకి కనబడుతున్నాయి. రేపు ఆయన బయటికొస్తే తొడిగించాలని మల్గి నుంచి బయలుదేరేటప్పుడే పెట్టుకుంది.

"మేఘనమ్మనేనా తమ్మీ? జైలుకు పోయొచ్చిందా?"

"ఔ అక్కా."

"నేను చేసిన్నని ఆయనకు తెలిసిపోయిందా?"

జయపాల్ తల ఊపాడు.

"కోపమైండా?"

అబద్ధం చెప్పాలని చూశాడు, చేతకాలేదు. "కోపం కాలేదక్కా. నేరం తనదే అని రాసిచ్చి వేలిముద్ర ఏసిండు. నీకేం తెల్వదన్నడు. రేపు నువ్వు కోర్టుకు రావొద్దు. వస్తే ఇద్దర్నీ పట్టుకుంటరు."

సుగుణమణి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఏడవలేదు. సంచిని ఒళ్లోకి లాక్కుని, ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు వేళ్లు మడుచుకుని, తలెత్తి అతని మొహంలోకి కంగారుగా చూసింది.

"ఎట్ల ఊడదీసినవు, ఏ పెన్నుతోని గీసినవు అని జడ్జి అడుగుతడు గద తమ్మీ? ఆయనకు ఏం తెల్వదు. ఏమని చెప్తడు?"